వెనుక బండి

మోటారు బండి తోలడం నాకు రాదు. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి. పద్యంలో యతి ఎక్కడ తప్పిందో ఇట్టే చెప్పగలను గాని, కారులో గేరు ఎందుకు మార్చాలో ఇప్పటికీ చెప్పలేను. అటువంటి నేను, అమెరికాలో సముద్రాన్ని ఒరుసుకుంటూ కొండ అంచున పోయే రోడ్డు మీద, ఒక బండి వెనుక మరొక బండిని తగిలించుకుని పోయే విద్యను గురించి రాయబూనడం సాహసమే. కాని ఆ ప్రయాణంలో తప్పు చేసినవాణ్ణి నేనే కనక, చెప్పుకోవలసిన పూచీ కూడా నాదే.

మా తమ్ముడు 2004లో అమెరికా వెళ్ళాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గర ఊళ్ళో కంప్యూటరు ఉద్యోగం. 2019 మే నెలలో, కాలేజీకి సెలవులివ్వగానే, నేనూ మా ఆవిడా వాళ్ళింటికి బయలుదేరాం. మమ్మల్ని పిలిచింది తమ్ముడు కాదు, మా మరదలు.

"బావగారూ! ఆయన మిమ్మల్ని పిలవరు. మీరు పిలవందే రారు. మధ్యని అత్తయ్యగారు నలిగిపోతున్నారు. నేను పిలుస్తున్నాను, రండి" అంది ఫోనులో.

ఇందుకు వెనక కథ ఒకటుంది. 2016లో మా నాన్న పోయాడు. అప్పుడు తమ్ముడి వీసా పొడిగింపు కాగితాలు అక్కడి ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆ స్థితిలో దేశం దాటితే మళ్ళీ రానిస్తారన్న భరోసా లేదు. అక్కడ ఏడేళ్ళ పిల్లవాడు, భార్య, ఉద్యోగం. వాడు రాలేకపోయాడు. దహనానికి రాలేదు, పెద్దకర్మకూ రాలేదు. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు అంటారు గనక, వాడు లేకపోయినా శాస్త్రానికి లోటు జరగలేదు. లోటంతా నా నోట జరిగింది. పదకొండో రోజున ఫోను చేసి వాడు ఏడుస్తుంటే, "రావాలనుకున్నవాడికి దారి అదే దొరుకుతుందిరా" అన్నాను.

వాడు మారుమాట ఆడలేదు. ఆ తరవాత మూడేళ్ళపాటు మా ఇద్దరి మధ్య అమ్మ మందుల సంగతీ, పొలం కౌలు సంగతీ తప్ప వేరే మాట లేదు. డబ్బు మాత్రం నెల తప్పకుండా పంపేవాడు. డబ్బు వచ్చిన ప్రతిసారీ నాకు మరింత కోపం వచ్చేది. ఎందుకంటే చెప్పలేను. తప్పు చేసినవాడు తప్పు చేసినట్లుగా ఉండకపోతే మనకి ఒళ్ళు మండుతుంది కాబోలు!

బయలుదేరే ముందు అమ్మ నాతో అన్నది ఒక్క మాటే: "వాణ్ణి ఏమీ అనకు."

వెళ్ళాం. వాళ్ళింటి ముంగిట, పికప్ ట్రక్కు పక్కని, తెల్లగా గుడ్డు ఆకారంలో ఒక చిన్న ఇల్లు చక్రాల మీద నిలబడి ఉంది. దాన్ని అక్కడ ట్రావెల్ ట్రైలరు అంటారు. పద్దెనిమిది అడుగుల పొడవు. లోపల మంచం, పొయ్యి, చెయ్యి కడుక్కునే తొట్టి, నిలబడితే మోచేతులు గోడకు తగిలే స్నానాలగది. తమ్ముడు దాన్ని 2017లో, ఒకరు వాడిన తరవాత చవకలో కొన్నాడట.

"ఎందుకురా ఇది?" అన్నాను, మర్యాదకి ఏదో ఒకటి అనాలి గనక.

"ఊరికే" అన్నాడు వాడు, చెప్పడం ఇష్టం లేనట్లు.

మా మరదలు అప్పటికే పథకం వేసేసింది. కార్మెల్ దగ్గర నుంచి శాన్ సీమియన్ దాకా, సముద్రపుటొడ్డున, నూరు మైళ్ళకి కొంచెం తక్కువగా, ఒకటో నెంబరు రాష్ట్ర రహదారి ఉంది. బిగ్ సర్ తీరం అంటారు. లోకంలో అందమైన రోడ్లను లెక్కపెట్టేవాళ్ళెవరూ దాన్ని వదలరు. అక్కడి సర్కారు వనాల్లో ట్రైలరు నిలుపుకునే చోటు కావాలంటే ఆరు నెలల ముందే అట్టేపెట్టుకోవాలి. మేం వస్తామని ఒప్పుకోకముందే ఆవిడ ఆ పని చేసేసింది. ఆడవాళ్ళ ముందుచూపు అంటే అదీ.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం తమ్ముడు సామాను సర్దుతుంటే పక్కన నిలబడ్డాను. బియ్యం, పప్పులు, పచ్చళ్ళ జాడీలు, ఆరేసి గాలన్ల నీళ్ళ డబ్బాలు రెండు, ఇనప పెనం, మడత కుర్చీలు. బరువైనవన్నీ తెచ్చి ట్రైలరులో ముందు భాగాన పెట్టి తాళ్ళతో బిగించాడు.

"వెనకంతా ఖాళీగా ఉందిగా?" అన్నాను.

"బరువు ఇరుసుకి ముందు ఉండాలన్నయ్యా. ట్రైలరు మొత్తం బరువులో పదో వంతు మొదలు పదిహేను పాళ్ళ దాకా దాని ముక్కు మీద, అంటే ట్రక్కుకి తగిలించే చోట పడాలి. ఇది సామానుతో మూడు వేల అయిదు వందల పౌండ్లుంటుంది. మూడు వందల యాభై పౌండ్లకి తగ్గితే వెనుక బండి మన మాట వినదు."

ఇరుసు అన్న మాట వాడి నోట విని చాలా కాలమయింది. మాది తెనాలి పక్క పల్లె. మా నాన్నకి ఎడ్లబండి ఉండేది. కోతల కాలంలో పొలం నుంచి వరిగడ్డి, ధాన్యం బస్తాలు తోలేవాడు. మేమిద్దరం వెంట వెళ్ళేవాళ్ళం. బస్తాలు ఎత్తించాక నాన్న ఎడ్లను కట్టే ముందు కాడి దగ్గరికి వెళ్ళి, దాన్ని ఒక్క చేత్తో ఎత్తి చూసేవాడు. కాడి తేలిగ్గా లేస్తే బరువు వెనక పడ్డట్టు. అలా కడితే దారిలో నొగలు పైకి లేచి, కాడి తాళ్ళు ఎద్దుల గొంతుకి బిగుసుకుంటాయి. అసలు లేవకపోతే బరువు ముందు పడ్డట్టు. ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. "ఎత్తితే బరువు తెలియాలి, ఒక్క మనిషి ఎత్తగలగాలి" అనేవాడు. ఆ తూకం కుదిరేదాకా బస్తాలు ముందుకీ వెనక్కీ జరిపించేవాడు. ఇదంతా నాకు జ్ఞాపకం వచ్చింది. పైకి మాత్రం ఏమీ అనలేదు. అంటే మాటలు కలుస్తాయి. కలిస్తే పెద్దరికం తగ్గుతుంది!

మర్నాడు పొద్దున్నే లేచి నేనొక ఘనకార్యం చేశాను. మా ఆవిడ ట్రైలరులో కాఫీ కాచుకుందామని వెళ్ళి, "పొయ్యి దగ్గరికి పోవడానికి కాలు పెట్టే చోటు లేదు, అన్నీ ఇక్కడే కుక్కారు" అంది. తమ్ముడు స్నానం చేస్తున్నాడు. ఊరికే కూర్చుని తింటున్నానన్న పేరెందుకని, నీళ్ళ డబ్బాలూ, బియ్యం సంచీ, పెనం, పచ్చళ్ళ పెట్టె, అన్నీ మోసుకెళ్ళి వెనక మంచం కింద చక్కగా అమర్చాను. నడవ అద్దంలా అయింది. మా ఆవిడ మెచ్చుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ మెచ్చుకున్న సందర్భాలు తక్కువ గనక, ఇది బాగా గుర్తు. తమ్ముడితో చెప్పాలని మాత్రం తోచలేదు. చెప్పడమేమిటి, ఇంటికి పెద్దవాణ్ణి!

బయలుదేరేముందు తమ్ముడు తగిలింపు పనులు చేశాడు. ట్రక్కు వెనక ఒక ఇనప గుండు ఉంటుంది. ట్రైలరు ముక్కును దాని మీదికి దింపి మీట వేస్తారు. అదొక్కటే నమ్మరు. కింద రెండు గొలుసులు తగిలిస్తారు, ఒకదానిమీద ఒకటి అడ్డంగా పడేటట్లు. ఖర్మ కాలి ముక్కు ఊడిందంటే, ఆ గొలుసులు ఉట్టిలా పట్టుకుని నేలకి కొట్టుకోనివ్వవు. ఇవి కాక సన్నని తీగ ఒకటి. బండి పూర్తిగా విడిపోతే ఆ తీగ లాగుకుపోయి ట్రైలరు బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇంత చేసి, దీపాలు వెలుగుతున్నాయో లేదో వెనక నుంచుని చూడమని కొడుక్కి చెప్పాడు.

ట్రైలరులో మనుషులు కూర్చుని ప్రయాణం చెయ్యకూడదు. అందరం ట్రక్కులోనే కూర్చున్నాం. ముందు నేనూ తమ్ముడూ; వెనక ఆడవాళ్ళిద్దరూ, మధ్యని పదేళ్ళ పిల్లవాడు. వాడికొక ఉద్యోగం ఉంది. కాలిఫోర్నియాలో రెండు వరసల రోడ్డు మీద మెల్లగా పోయేవాడు తన వెనక అయిదు బండ్లు పోగుపడితే, పక్కకి తప్పుకునే చోటు రాగానే తప్పుకుని వాటికి దారి ఇవ్వాలి. అది చట్టం. వెనక్కి తిరిగి ఆ బండ్లు లెక్కపెట్టడం వాడి పని.

కార్మెల్ దాటేసరికి మధ్యాహ్నం అయింది. అక్కడినుంచి రోడ్డు కొండకీ సముద్రానికీ మధ్య ఒక గీతలా మిగిలింది. అమెరికాలో బండ్లు కుడిపక్కన పోతాయి. మేం దక్షిణానికి పోతున్నాం గనక సముద్రం మా వైపే. నా కిటికీలోంచి చూస్తే చాలాచోట్ల రోడ్డు కనపడదు. గాలీ, దాని కింద నీళ్ళూ కనిపిస్తాయి. మే నెలలో ఆ తీరాన మంచు దట్టంగా పడుతుంది. అది అప్పుడే విడిపోతూ, నీలి సముద్రం ముక్కలు ముక్కలుగా బయటపడుతోంది. కొండవాలున పసుపు పచ్చని పూలు, ఊదా పూలు.

ఈ రోడ్డును 1937కి గాని జనానికి తెరవలేకపోయారు. కొండను పేల్చి, చెక్కి, వంతెనలు కట్టుకుంటూ పోయారు. పని చేసినవాళ్ళలో జైలు ఖైదీలు కూడా ఉన్నారు. బిక్స్‌బీ వాగు మీద కాంక్రీటు వంతెన 1932లో పూర్తయింది. ఏడు వందల పద్నాలుగు అడుగుల పొడవు. కింద వాగుకి రెండు వందల అరవై అడుగుల పైన ఒకే ఒక్క కమాను. దాని మీద పోతుంటే మా ఆవిడ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకోలేదు గాని కాళ్ళు రెండూ నేలకి తన్ని పట్టాను, నా పాదాల కింద బ్రేకు ఉన్నట్లు.

"భయంగా ఉందా?" అన్నాడు తమ్ముడు.

"నాకెందుకు భయం?" అన్నాను.

వాడు చిన్నగా నవ్వి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు: "మలుపులో వెనుక బండి మనం పోయిన దారినే రాదన్నయ్యా. లోపలికి కోసుకుని అడ్డదారిన వస్తుంది. కుడి మలుపయితే దాని చక్రం సముద్రం వైపు అంచుకి దిగుతుంది. ఎడమ మలుపయితే ఎదుటివాడి దారిలోకి పోతుంది. అంచేత ముందు బండి వాడు తనకి కావలసినదానికంటె కాస్త ఎడంగా పోయి తిరగాలి. మనకి చోటు చాలితే సరిపోదు, దానికి చాలాలి."

మూడేళ్ళలో వాడు నాతో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు.

వంతెన దాటాక రోడ్డు పైకెక్కి ఒక కొండ భుజం మీదుగా పోతుంది. ఆ చోటుకి హరికేన్ పాయింటు అని పేరు. పేరుకి తగ్గట్టే సముద్రం మీది గాలి అక్కడ కొండకి ఈడ్చి కొడుతుంది. అక్కణ్ణుంచి లిటిల్ సర్ అనే ఏటి దాకా దిగుడు. దిగడం మొదలుపెట్టాం. తమ్ముడు గేరు తగ్గించాడు. పల్లంలో బ్రేకు తొక్కి పట్టుకుంటే అది కాగిపోయి పట్టు తప్పుతుందిట. ఇంజనే బండిని ఆపుకోవాలి.

గాలి ఒక్క విసురు విసిరింది. నా వీపుకి ఏదో తెలిసింది. ఎవరో మా ట్రక్కు నడుం పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నట్లు. పక్క అద్దంలో చూశాను. ట్రైలరు గడియారం లోలకంలా కుడికి ఊగింది. ఎడమకి ఊగింది. మళ్ళీ కుడికి, ఈసారి ఇంకా ఎక్కువ. ఎదురుగా ఒక పెద్ద బస్సు పైకి వస్తోంది. కుడివైపున ఏమీ లేదు.

"బ్రేకు! బ్రేకు వెయ్యరా!" అని అరిచాను.

వాడు బ్రేకు వెయ్యలేదు. స్టీరింగు చక్రం ఒక చేత్తో నిటారుగా పట్టుకున్నాడు. ఊపుకి ఎదురు తిప్పలేదు. కాలు యాక్సిలరేటరు మీంచి తీసేశాడు. రెండో చెయ్యి స్టీరింగు కింద ఉన్న చిన్న పెట్టె మీదికి పోయింది. దానికొక మీట. ఆ మీట నొక్కితే ముందు బండికి బ్రేకు పడదు. వెనుక బండికి మాత్రమే పడుతుంది. నొక్కాడు. వెనకనుంచి ఎవరో పగ్గం పట్టుకు లాగినట్లయింది. ట్రైలరు ఇంకొకసారి ఊగింది, సగం ఊగింది, సర్దుకుని మా వెనక తిన్నగా నిలిచింది. బస్సు పక్కనుంచి పోయింది. అంతా కలిపి అయిదారు క్షణాలు. మా ఆవిడ సహస్రనామం ఏ నామం దగ్గర ఆగిందో ఆవిడకే తెలియదు.

వెనకనుంచి పిల్లవాడు, పాపం తన ఉద్యోగం మరచిపోకుండా, "పెదనాన్నా, అయిదయ్యాయి!" అన్నాడు.

కిందికి దిగాక పక్కకి తప్పుకునే చోట ఆగాం. అయిదు బండ్లూ వెళ్ళిపోయాయి. తమ్ముడు దిగి ట్రైలరు చుట్టూ తిరిగి, చక్రాలు తన్ని చూసి, ముక్కు దగ్గర వంగి చూశాడు. తరవాత తలుపు తీసి లోపలికి తొంగి చూసి, అలాగే నిలబడిపోయాడు. నడవ ఖాళీగా, అద్దంలా ఉంది.

నా నోరు ఎండిపోయింది. ఆడవాళ్ళు ట్రక్కులోనే ఉన్నారు. గాలి హోరులో నా మాట నాకే వినపడలేదు.

"నేనే జరిపానురా పొద్దున్న. మీ వదినకి దారి అడ్డంగా ఉందంటేను. నీతో చెప్పలేదు."

వాడు నావైపు తిరిగాడు. ఇప్పుడు వాడనవలసిన మాట నాకు తెలుసు. వాడి స్థానంలో నేనుంటే ఏమనేవాణ్ణో అక్షరం పొల్లుపోకుండా తెలుసు. తెలుగు పంతుల్ని గదా, ఆ మాట ఇంకా బాగా అనగలను కూడా. అయిదు ప్రాణాలు, అందులో వాడి కొడుకు ప్రాణం ఒకటి. ఏమన్నా పడవలసినవాణ్ణే.

"తలుపుకి తల కొట్టుకోలేదు గదా నీకు? ఊగినప్పుడు అటు వాలావు" అన్నాడు.

అంతే. ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి నీళ్ళ డబ్బా ఒకటి పైకెత్తాడు. నేనూ ఎక్కి రెండోది పట్టుకున్నాను. ఒక్కొక్కటీ ముందుకు చేరవేశాం. బియ్యం, పెనం, జాడీలు. అంతా అయ్యాక వాడు దిగి, ట్రైలరు ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మునుపటికీ ఇప్పటికీ అది ఎంత కిందికి దిగిందో చేత్తో కొలిచి చూశాడు. ఆ వంగడం, ఆ చెయ్యి పెట్టడం చూసేసరికి నాకు గొంతుకి అడ్డం పడింది.

"నాన్న కాడి ఎత్తి చూసేవాడు" అన్నాను.

"ఊఁ. నిన్ను ముందు కూర్చోబెట్టి పగ్గాలిచ్చేవాడు. నన్ను వెనక బస్తాల మీద కూర్చోమనేవాడు. చిన్నవాడివి, పడిపోతావు అని. ఒక్కనాడన్నా తోలనివ్వలేదు" అన్నాడు వాడు. కాసేపు ఊరుకుని, "నిన్న అడిగావుగా, ఎందుకు కొన్నావని. నాన్న పోయాక ఎందుకో బండి తోలాలనిపించింది" అన్నాడు.

నేను ఆ ఏటి మొగ కేసి చూస్తూ నిలబడ్డాను. చూస్తూనే, మూడేళ్ళుగా అనవలసిన మాట అన్నాను. "ఆ రోజు ఫోనులో నేనన్న మాట తప్పురా."

"పెట్టె సర్దుకుని కూర్చున్నానన్నయ్యా. రెండు రాత్రులు. లాయరు వద్దన్నాడు. ఇది వద్దంది. వెళ్ళనూ లేదు, పెట్టె విప్పనూ లేదు. నెల్లాళ్ళు అలాగే ఉంది ఆ పెట్టె" అన్నాడు వాడు.

ఇంతకంటె మేం మాట్లాడుకోలేదు. మగవాళ్ళం, పైగా అన్నదమ్ములం. కాని ట్రక్కెక్కాక మా మరదలు వాడి మొహం, నా మొహం మార్చి మార్చి చూసి, ఫ్లాస్కు విప్పి ఇద్దరికీ కాఫీ పోసింది. బయలుదేరాం. ట్రైలరు, మేమేం చెప్పుకున్నామో విన్నట్లు, బుద్ధిగా వెనక వచ్చింది.

సాయంత్రానికి ఫైఫర్ బిగ్ సర్ వనం చేరుకున్నాం. ఆకాశాన్ని అంటే రెడ్‌వుడ్ చెట్లు, పక్కన చిన్న ఏరు. ఇక్కడ అసలు పరీక్ష ఎదురయింది. ట్రైలరును వెనక్కి నడిపి, రెండు చెట్ల మధ్య తమకిచ్చిన చోట పెట్టాలి. వెనక్కి పోయేటప్పుడు అన్నీ తలకిందులు. చక్రం కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకి పోతుంది. దానికో చిట్కా ఉంది: చెయ్యి స్టీరింగు చక్రానికి అడుగున పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే ట్రైలరు అటే పోతుంది. అయినా వెనక ఏముందో ముందువాడికి కనపడదు. ఒక మనిషి వెనక నిలబడి దారి చెప్పాలి.

"నేను నిలబడతాను" అన్నాను.

"సరే. ఒక్కటి గుర్తు పెట్టుకో. అద్దంలో నీకు నా మొహం కనపడకపోతే, నాకు నువ్వు కనపడవు" అన్నాడు.

వెళ్ళి నిలబడ్డాను. దారి తిన్నగా ఉంది. ఇంక రావచ్చు. మన బస్సు కండక్టర్లను తలుచుకుని, గొంతెత్తి "రైట్! రైట్!" అన్నాను. ట్రైలరు గబుక్కున కుడికి తిరిగి చెట్టుమీదికి వచ్చింది. "హోల్డాన్! హోల్డాన్!" అని కేకలు పెట్టాను. తమ్ముడు దిగివచ్చి, "రైట్ అన్నావుగా!" అన్నాడు. "రైట్ అంటే పోనియ్యమని కదరా!" అన్నాను. వాడు ఒక్క క్షణం నన్ను చూసి, ట్రక్కుకి చేరగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పక్క గుడారాలవాళ్ళు తొంగి చూశారు. పదిహేనేళ్ళు ఆ దేశంలో ఉన్నవాడికి మన బస్సు భాష మరుపున పడింది. నాకు ఆ దేశంలో కుడిఎడమలున్నాయని తట్టలేదు. తరవాత మాటలు మానేసి చేతులతో సైగలు చేశాను. నాలుగోసారికి ట్రైలరు చోట్లో కూర్చుంది.

మర్నాడు ఇంకా దక్షిణానికి పోయాం. మెక్‌వే జలపాతం ఎనభై అడుగుల ఎత్తునుంచి ఇసుక తిన్నె మీదికి పడుతుందిట. ట్రైలరుతో ఆగడానికి చోటు దొరక్క చూడకుండానే పోయాం. వెనుక బండి ఉన్నవాడు చూడాలనుకున్నవన్నీ చూడలేడు. అదీ ఈ విద్యలో ఒక పాఠమే. మడ్ క్రీక్ అనే చోట 2017 మే 20న కొండ మొత్తం జారి సముద్రంలో పడి, సుమారు పావు మైలు రోడ్డును పూడ్చేసింది. ఆ మట్టి మీదుగానే కొత్త రోడ్డు వేసి 2018 జూలైలో తెరిచారు. మేం దాని మీదనే పోయాం. ఆ తరవాత కూడా ఆ కొండలు ఊరుకోలేదు. 2021 జనవరిలో రాట్ క్రీక్ దగ్గర రోడ్డు సముద్రంలోకి కొట్టుకుపోయింది. 2023లో, 2024లో మళ్ళీ చరియలు విరిగిపడ్డాయి. అయినా అక్కడివాళ్ళు విడిచిపెట్టకుండా మళ్ళీ మళ్ళీ బాగుచేస్తూ వచ్చారు. తెగినచోటల్లా రోడ్డును కలుపుకోవడం తప్ప వేరే దారి లేదు గదా.

రాగెడ్ పాయింటు దాటాక కొండలు వెనక్కి తగ్గి రోడ్డు తిన్నబడింది. పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఇసుకలో ఏనుగు సీళ్ళు బస్తాలు దొర్లించినట్లు పడుకుని ఉన్నాయి. పిల్లవాడు వాటిని లెక్కపెడుతుంటే తమ్ముడు నా పక్కకి వచ్చి, "అన్నయ్యా, వస్తావా, ఈ ఖాళీ చోట్లో కాస్త తోలి చూస్తావా?" అన్నాడు.

"వద్దురా, నాకు వెనక కూర్చోవడమే బాగుంది" అన్నాను. అబద్ధం కాదు.

ఇంటికి తిరిగి వచ్చాక అమ్మకి ఫోను చేశాం. ఇద్దరం ఒకే ఫోను ముందు కూర్చున్నాం. అమ్మ ఆ తెరమీద మా ఇద్దరి మొహాలూ ఒక్కచోట చూసి కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, బండి సంగతి మరదలు ముందే చెప్పింది కాబోలు, "చిన్నాడు బండి బాగా తోలాడా?" అని నన్నడిగింది.

"బాగా తోలాడే, నాన్నలాగే" అన్నాను.

"బరువు ఎవరు సర్దారు?" అంది అమ్మ.

"మొదట నేను సర్దానే. తరవాత ఇద్దరం కలిసి సర్దాం."